ధార చెంబు

పగ తీర్చుకోవాలంటే ఓపిక కావాలంటారు. ఛాయాదేవి పగకు ఓపికతో పాటు శుభ్రత కూడా తోడైంది. భర్త వెంకటకృష్ణారావుకు కిడ్నీ మార్చిన నాటి నుంచి పటమటలోని ఆ ఇంట్లోకి చెప్పులతో వచ్చినవాడు లేడు, మాస్కు లేకుండా వచ్చినవాడు లేడు. ఆమె మరిది చక్రి అయితే అసలు లోపలికి వచ్చిందే లేదు. ఎప్పుడొచ్చినా గేటు దగ్గరే ఆపేసేది. "డాక్టరుగారు ఎవర్నీ రానివ్వద్దన్నారు" అనేది. డాక్టరుగారు ఆ మాట అన్నది మొదటి మూడు నెలల కోసం. ఛాయాదేవి దాన్ని లాగి లాగి రెండేళ్ళు చేసింది. వేసవిలో మైలవరం తోట నుంచి చక్రి పంపే మామిడిపళ్ళ బుట్టలు కూడా గేటు దాటలేదు. ఆటోనగర్‌లో వాళ్ళ లారీ విడిభాగాల షాపుకు ఇరుపక్కలా ఉన్న మెకానిక్కులు వాటిని పంచుకుని తిన్నారు.

అలాంటిది ఆ రోజు చక్రి తాంబూలం పళ్ళెం పట్టుకుని వస్తే తనే వెళ్ళి గేటు తీసింది. వరండాలో కుర్చీ వేయించింది. పనిమనిషి అమలమ్మ ఆశ్చర్యంతో చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

చక్రి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. మామిడిపూత గురించి మాట్లాడాడు. ఎండల గురించి మాట్లాడాడు. అన్నయ్య ఒంట్లో ఎలా ఉందని అడిగి, జవాబు కోసం ఆగకుండా మళ్ళీ పూత దగ్గరికే వచ్చాడు.

"చల్లకొచ్చి ముంత దాచడం దేనికి చక్రీ? వచ్చిన పని చెప్పు" అంది ఛాయాదేవి.

"సాయిశ్రీకి సంబంధం కుదిరింది వదినా. నూజివీడు వాళ్ళు. అబ్బాయి బ్యాంకులో చేస్తాడు. మంచోళ్ళు." కాసేపు పళ్ళెంలో తమలపాకులు సర్దాడు. "కన్యాదానం నేను చెయ్యడానికి లేదుగా. పద్మ ఉంటే వేరే సంగతి. అన్నయ్యా మీరూ పీటల మీద కూర్చోవాలి. మన ఇంటిపేరున ఇంకో జంట లేదు."

పద్మశ్రీ చక్రి భార్య. కూతురు సాయిశ్రీ చిన్న క్లాసుల్లో ఉండగానే ఆమె పోయింది. భార్య లేని మగవాడు పీటల మీద కూర్చోకూడదు, అన్నో తమ్ముడో జంటగా కూర్చుని పిల్లను ధారపోయాలి. ఆ ఆచారం ఛాయాదేవికి తెలియక కాదు. తెలుసు గనకే గేటు తీసింది. సంబంధం కుదిరిందని చెల్లెలు ఉష గుడివాడ నుంచి ఫోన్లో చెప్పిన రోజు నుంచి ఈ పళ్ళెం కోసమే ఎదురుచూస్తోంది.

"మీకు నా మీద ఎంత కోపం ఉందో నాకు తెలుసు" అన్నాడు చక్రి తల దించుకుని. "అది నా మీదే తీర్చుకోండి వదినా. పిల్ల మీద వద్దు."

"ఛ, అదేం మాట. పొద్దున్నే వచ్చేస్తాం. మాటిస్తున్నా." పళ్ళెం అందుకుంది. "నువ్వు వేరే ఎవర్నీ చూసుకోకు."

కిటికీ వెనక మాస్కు పెట్టుకుని నిలబడిన వెంకటకృష్ణారావు కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళకు పెళ్ళాం మనసు కరిగిందనుకున్నాడు పాపం. ఛాయాదేవి మాత్రం ఆ మాటల్ని ఏరి కోరి వాడింది. పొద్దున్నే వచ్చేస్తా, మాటిస్తున్నా వదినా, వేరే ఎవర్నీ చూసుకోకండి. రెండేళ్ళ కిందట చక్రి ఆమెతో అన్న మాటలవి, పొల్లు పోకుండా.

అప్పుడు వెంకటకృష్ణారావుకు రెండు కిడ్నీలూ పనిచెయ్యడం మానేశాయి. వారం తిరిగేలోపు మూడుసార్లు డయాలసిస్. డ్రైవర్లు దొరక్క, యాభై దాటిన వయసులో ఛాయాదేవి కారు నడపడం నేర్చుకుంది. ఒంట్లో నీరు చేరకూడదని ఆయన తాగే నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇచ్చేది. ఓసారి బాత్‌రూమ్‌లో కొళాయికి నోరు పెట్టి తాగుతూ దొరికాడు. ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, ఆమె కొళాయి కట్టేసి పక్కనే కూర్చుని తనూ ఏడ్చింది. ఆ రోజుల్లోనే చక్రి కిడ్నీ నేనిస్తానని ముందుకొచ్చాడు. పరీక్షలన్నీ కలిశాయి. ఆపరేషన్‌కు ముందు రోజు వెంకటకృష్ణారావును ఆస్పత్రిలో చేర్చుకున్నారు. చక్రి కూడా ఆ పొద్దున్నే వచ్చి చేరాలి.

రాలేదు. మధ్యాహ్నం దాటింది. ఫోన్ స్విచాఫ్. ఛాయాదేవి ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి మైలవరం వైపు నుంచి వచ్చే ప్రతి బస్సూ చూసింది, ప్రతి ఆటో చూసింది. వాచ్‌మన్ జాలిపడి తన కుర్చీ ఇచ్చాడు. సాయంత్రం డాక్టర్లు ఆపరేషన్ రద్దు చేశారు. ఆమె పైకి వెళ్ళి చెబితే వెంకటకృష్ణారావు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ నెలలోనే ఆయన ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చింది. ఐసీయూలో ఆ మనిషి గాలి కోసం కొట్టుకుంటుంటే ఛాయాదేవి తన కిడ్నీ తీసుకోమంది. అదృష్టం బాగుండి సరిపోయింది. ఆమె నడుము పక్కన కుట్లు పడ్డాయి, ఆయన బతికాడు.

బతికించడం అక్కడితో అయిపోలేదు. ఇల్లలకగానే పండగ అయిపోదు కదా. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా మాత్రలు, మాత్రల వల్ల ఏ జబ్బూ అంటకుండా కాపలా. గిన్నెలన్నీ మరిగే నీళ్ళలో ముంచేది. పచ్చికూర ఇంట్లో లేదు, పచ్చడి లేదు, నిలవ పెరుగు లేదు. మాత్రలకు పడదని పంపరపనస పండును వీధి మలుపులో బండి మీద చూసినా బండివాడిని కేకలేసేది. అప్పుడు కొలిచి ఇచ్చిన నీళ్ళనే ఇప్పుడు బతిమాలి తాగించేది. తన కుట్లు లాగుతున్నా ఉష ఎంత చెప్పినా పడుకునేది కాదు. ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందే అక్కా అని ఉష అడిగితే "ఆ చక్రిగాణ్ణి తల్చుకుంటే వస్తుంది" అంది.

వాణ్ణి తల్చుకుని ఊరుకోలేదు కూడా. ఏ పేరంటానికి వెళ్ళినా, ఎవరు ఫోన్ చేసినా, మాట ఎక్కడ మొదలైనా చక్రి దగ్గరే తేలేది. సొంత అన్న చావుబతుకుల్లో ఉంటే మాటిచ్చి మొహం చాటేసిన మనిషి అని చుట్టాలందరికీ ఎక్కించింది. చక్రి పెళ్ళిళ్ళకు వస్తే బంతిలో పక్కన కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. సాయిశ్రీకి అంతకు ముందు గుడివాడలో ఒక సంబంధం దాదాపు ఖాయమైంది. ఆ పిల్లాడి తల్లికి ఛాయాదేవి ఒక్క ఫోన్ చేసింది, అది చెడిపోయింది. వారం రోజులు ఆమెకు అన్నం రుచిగా అనిపించింది.

ఈసారి ఫోన్లు అక్కర్లేదు. తను గేటు దగ్గర ఎదురుచూసినట్టే చక్రీ చూడాలి. పిల్ల పెళ్ళికూతురై పీటల దగ్గర కూర్చుని ఉండగా, ముహూర్తం దగ్గరపడుతూ ఉండగా, ఖాళీ పీటలు పెట్టుకుని వాడు రోడ్డు వైపు చూస్తూ నిలబడాలి. ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వినాలి.

పెళ్ళికి వారం ముందు సాయిశ్రీ ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నువ్వొస్తున్నావంటే నాకు అమ్మ వస్తున్నట్టే ఉంది. జడ నువ్వే వెయ్యాలి, ఇంటర్‌లో వేసినట్టు." ఇంటర్ రెండేళ్ళూ ఆ పిల్ల ఈ ఇంట్లోనే ఉండి చదువుకుంది. ఛాయాదేవికి పిల్లల్లేరు. రోజూ పొద్దున్నే ఆ జుట్టు దువ్వి రెండు జడలు వేసి పంపేది. దానిదేం తప్పు అని మనసు అడిగింది. మా ఆయనదేం తప్పు అని ఎదురడిగి మనసు నోరు మూయించింది.

పెళ్ళిరోజు ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. ఆయనకు పట్టుపంచె కట్టించి, మాస్కు పెట్టి, మాత్రల పెట్టె సంచిలో పడేసి కారెక్కించింది. బెంజ్ సర్కిల్ దాటి, గొల్లపూడి దాటి, ఇబ్రహీంపట్నం దగ్గర కుడివైపు తిరిగారు. దారంతా ఆయన హుషారుగా ఉన్నాడు. రెండేళ్ళ తర్వాత చుట్టాలందర్నీ ఒకచోట చూడబోతున్నాడు మరి. కొండపల్లి దాటి కొంత దూరం పోయాక ఛాయాదేవి రోడ్డు దించి ఒక వేపచెట్టు నీడన కారు ఆపింది.

"ఏమైంది? టైరా?"

ఆమె తన ఫోన్ ఆఫ్ చేసింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి ఆయన ఫోనూ తీసి ఆఫ్ చేసింది. రెండూ సంచిలో వేసి జిప్పు లాగింది.

"పెళ్ళికి వెళ్ళట్లేదు మనం" అంది. "ముహూర్తం అయిపోయాక ఇంటికి పోదాం."

వెంకటకృష్ణారావుకు విషయం బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక మాస్కు కిందికి లాగేశాడు.

"ఛాయా, పిచ్చా నీకు? పిల్ల పీటల మీదుంటుంది! వాడు కంగారు పడిపోతుంటాడు."

"పడనివ్వండి. నేను పడలేదా? ఆస్పత్రి గేటు దగ్గర ఆ వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నది నేను. వాడొచ్చాడా అని మీరు ఒక్కసారి కూడా అడక్కపోతే, మీ గుండె పగిలిపోయిందనుకుని ఏడ్చింది నేను. ఒక్క పూట వాడు ఎదురు చూడలేడా?"

"వాడి తప్పు లేదు ఛాయా."

"ఎప్పుడూ ఇదే పాట."

"పాట కాదు" అన్నాడాయన. "వాణ్ణి రావద్దంది నేను."

రోడ్డు మీద ఇసుక లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఆ రోజు పొద్దున నువ్వు కాంటీన్‌కి వెళ్ళినప్పుడు ఫోన్ చేశాను. వాడు అప్పటికే సగం దారిలో ఉన్నాడు. తల్లి లేని పిల్ల రా, ఆ బల్ల మీద నీకేమన్నా అయితే దానికెవరున్నారు, వెనక్కి పో, ఫోన్ కట్టెయ్యి అన్నాను. వినలేదు. నా మీద ఒట్టు పెట్టాను. వదినకి కూడా చెప్పొద్దన్నాను."

"దానికెవరున్నారు" అంది ఛాయాదేవి మెల్లగా. "నాకెవరున్నారండీ?"

"లిస్టులో పేరుందిగా. చనిపోయినవాళ్ళది ఎప్పుడో ఒకప్పుడు దొరక్కపోతుందా అనుకున్నా. నువ్విస్తావని అనుకోలేదు."

"ఇస్తానన్నప్పుడు వద్దనొచ్చుగా."

ఆయన తన పంచె అంచు చూసుకున్నాడు. "ఊపిరాడలేదు ఛాయా. తమ్ముడితో మాట్లాడినప్పుడు చావంటే ఏంటో నాకు తెలీదు. పెద్దమనిషిలా చెప్పేశాను. ఐసీయూలో తెలిసింది. వద్దనాలని నోరు తెరిచాను, మాట రాలేదు. బతకాలనిపించింది. ఆ తర్వాత నువ్వు వాణ్ణి తిడుతుంటే ఎన్నిసార్లు చెబ్దామనుకున్నానో. చెబితే నా మొహం చూడవని భయమేసింది. వాడు చెప్పేస్తానన్నాడు. నేనే ఆపాను."

"అత్త సొమ్ము అల్లుడు దానం చేశాట్ట" అంది ఛాయాదేవి. "తమ్ముడి ఒంటి మీద గాటు పడకూడదు. పెళ్ళాం ఒంటి మీద పడొచ్చు. బాగుంది."

కారు దిగి తలుపు విసిరికొట్టింది. వేపచెట్టు దాటి, కాలవ గట్టు దాకా నడిచింది. ఆమెకు కోపం కొత్త కాదు, రెండేళ్ళుగా దాన్ని అన్నం పెట్టి పెంచింది. కానీ ఇప్పుడది ఎటు పోవాలో తెలియక ఒళ్ళంతా తిరుగుతోంది. పాము ఇంట్లో ఉంటే పక్క ఊళ్ళో పుట్టలు తవ్వింది తను. గుడివాడకు చేసిన ఫోన్ గుర్తొచ్చింది. ఆ పిల్ల ఏమీ ఎరగనట్టు జడ వెయ్యమని అడగడం గుర్తొచ్చింది. ఏ చేత్తో వేస్తుంది? నడుము పక్కన కుట్లు పడ్డ చోట చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆ మనిషిని అక్కడే రోడ్డు మీద దింపేసి పోదామనిపించింది. అంత ఎండలో దింపితే నీళ్ళు చాలక కిడ్నీ పాడవుతుందని ఆ వెంటనే అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే మండింది.

తిరిగొచ్చి కారెక్కింది.

"ఎక్కడికి?" అన్నాడాయన.

"పెళ్ళికి."

మైలవరం కల్యాణమండపం గేటు దగ్గర చక్రి నిలబడి ఉన్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చేతిలో ఫోన్, కళ్ళు రోడ్డు మీద. ఆ మొహం చూడాలనే ఛాయాదేవి రెండేళ్ళు కాచుకుంది. తనివితీరా చూసింది. కడుపు మాత్రం నిండలేదు. "వచ్చారా వదినా" అన్నాడు, అంతే. ఎందుకు ఆలస్యమైందని కూడా అడగలేదు. ఆమె అతని పక్కనుంచి దాటి వెళ్ళిపోయింది.

జడ వేసే వేళ దాటిపోయింది. ఎవరో వేసేశారు. సాయిశ్రీ గంపలో కూర్చుని తల తిప్పి చూసి, పెద్దమ్మ కనపడగానే పెళ్ళికూతురన్న సంగతి మరిచి నవ్వేసింది. పంతులుగారు చెవి దగ్గర తగిలించుకున్న చిన్న మైకులో "కన్యాదాతలు వచ్చేశారు, త్వరగా, త్వరగా" అన్నారు. హాలంతా ఆ మాట మోగింది.

వరుడి కాళ్ళు కడగడం అయింది. సంకల్పం అయింది. ఇక ధార. వెంకటకృష్ణారావు దోసిలి పట్టాడు. దాని కింద వరుడు దోసిలి పట్టాడు. పైనుంచి భార్య చెంబుతో నీళ్ళు పొయ్యాలి, ఆ నీళ్ళు దాత చేతుల మీదుగా వరుడి చేతుల్లో పడాలి. అది పడితేనే పిల్లను ఇచ్చినట్టు. ఆ వెనకే జీలకర్రబెల్లం ముహూర్తం తరుముకొస్తోంది.

"అమ్మా, ధార" అన్నారు పంతులుగారు.

ఛాయాదేవి చెంబు ఎత్తింది. వంచలేదు.

"అమ్మా, పొయ్యండి."

"పోస్తానండీ. ఆ మైకు ఒక్కసారి ఈయన నోటి దగ్గర పెట్టండి. మా ఆయన చెప్పాల్సింది ఒకటుంది."

వెంకటకృష్ణారావు తల ఎత్తాడు. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం ఛాయా" అన్నాడు గొణుగుతూ.

"మనిద్దరం మాట్లాడుకుంటే సరిపోదండి. నేను వాణ్ణి తిట్టింది నలుగురిలో. మీరు విని ఊరుకున్నదీ నలుగురిలోనే. ఇప్పుడు ఇక్కడ చెబితేనే నీళ్ళు."

సన్నాయి ఆగింది. ముందు వరసలో నూజివీడు ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చక్రి పరుగున వచ్చి చేతులు జోడించాడు. "వద్దు వదినా, మీ కాళ్ళు పట్టుకుంటా. నాకేం బాధ లేదు."

"నువ్వు నోర్ముయ్. అన్నాదమ్ములిద్దరూ కలిసే నన్ను వెర్రిదాన్ని చేశారు. నీ సంగతి తర్వాత చూస్తా."

పంతులుగారు వాచీ చూసుకున్నారు, చెంబు చూశారు, ఆమె కళ్ళు చూశారు. ఎన్ని పెళ్ళిళ్ళు చేయించిన మనిషో, మారుమాట్లాడకుండా చెవి మీది మైకు తీసి వెంకటకృష్ణారావు నోటి దగ్గర పెట్టారు.

ఖాళీ దోసిలి అలాగే పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఆ మనిషి చెప్పాడు. "మా తమ్ముడు మాట తప్పలేదు. ఆపరేషన్‌కి బయల్దేరి వస్తుంటే నేనే వెనక్కి పంపాను. ఒట్టు పెట్టి పంపాను." అక్కడ ఆగిపోయాడు. చెంబు కదల్లేదు. ఇంకా ఉందని ఆయనకూ తెలుసు. "నాకు చావంటే భయమేసి నా భార్య కిడ్నీ తీసుకున్నాను. నిజం చెప్పడానికి ధైర్యం లేక రెండేళ్ళు తమ్ముణ్ణి తిట్టించాను."

చక్రి మండపం స్తంభం వైపు మొహం తిప్పుకుని నిలబడ్డాడు. రెండేళ్ళుగా బంతిలో అతని పక్కన కూర్చోని పెద్దమనుషులు కొందరు నేల చూశారు. సాయిశ్రీ కళ్ళ కాటుక బుగ్గల మీదికి కారింది.

అప్పుడు ఛాయాదేవి చెంబు వంచింది. ఆయనకు గ్లాసుతో కొలిచి కొలిచి నీళ్ళిచ్చిన చెయ్యి, ఈసారి కొలవలేదు. దోసిలి నిండి, వరుడి చేతులు నిండి, పళ్ళెం పొర్లి పంతులుగారి పంచె తడిసింది. "చాలమ్మా, చాలు" అన్నా చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది.

తాళి పడింది, తలంబ్రాలు అయ్యాయి. అందరూ భోజనాల వైపు కదిలాక చక్రి దగ్గరికొచ్చి ఏదో అనబోయాడు. ఛాయాదేవి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఈ వేసవికి రెండు బుట్టలు పంపు" అంది. "మెకానిక్కులకి కాదు, ఇంటికి."

సాయంత్రం తిరుగు ప్రయాణం. ఇబ్రహీంపట్నం వచ్చేసరికి మళ్ళీ ఆన్ చేసిన ఫోన్లో మాత్రల అలారం మోగింది. ఛాయాదేవి కారు పక్కకు తీసి ఆపింది. పెట్టె తెరిచి మాత్రలు ఏరి ఆయన అరచేతిలో పెట్టింది. నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది.

ఆయన మాత్రలు చేతిలో పట్టుకుని అడిగాడు. "కోపం తీరిందా ఛాయా?"

"వాడి మీదది తీరిపోయింది. మీ మీదది ఇవాళేగా మొదలైంది" అంది ఆమె. "వేసుకోండి. పూట తప్పకుండా వేసుకుని నిండు నూరేళ్ళూ బతకండి. అది తీరడానికి నాకు అంతకాలం పడుతుంది."

ఆయన మాత్రలు మింగాడు. సీసాలో నీళ్ళన్నీ అయిపోయేదాకా ఆమె కారు స్టార్ట్ చెయ్యలేదు.